ఒక మనిషి కూర్చునేంత చోటు

ఆ ఏడు అమీర్‌పేటలో ఎవరిని కదిపినా షేర్ల మాటే. సిటీ బస్సులో పక్క సీటు మనిషి, హాస్టళ్ళ ముందు ఇడ్లీ బండి ఆయన, ఆఖరికి కేబుల్ బిల్లు వసూలుకి వచ్చే మనిషి కూడా ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి, "కొని పడెయ్యండమ్మా, మళ్ళీ ఈ రేటు దొరకదు" అనేవాళ్ళు. రెండు వేల ఏడు వానాకాలం చివర్లో మొదలై మరుసటి జనవరితో ముగిసిన ఆ కొద్ది నెలల గురించి నేనింతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పినా, కాకతాళీయం అని కొట్టిపారేస్తారని.

మాకు అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు దాటింది. మా ఆయన రవికాంత్ మైత్రీవనం వెనక సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవారు. నేను పంజాగుట్టలో చలపతిరావు గారనే ఆడిటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇద్దరిదీ కాకినాడ వైపు. హాషం గారింట్లో పై వాటా మాది. కింద ఆయన అత్తరు కొట్టు, కొట్టు వెనక వాళ్ళ కాపురం. ఆ వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చేది. పెట్టెలో పట్టుచీరకీ, డబ్బాలో కందిపప్పుకీ, దేవుడి గూట్లో పసుపుకీ అదే వాసన. కొన్నాళ్ళుంటే మన ముక్కుకి తెలియడం మానేస్తుంది. ఎదుటివాళ్ళే "ఏం సెంటు వాడతారండీ?" అని అడుగుతారు.

వంటింటి కిటికీ అవతల చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఇన్‌స్టిట్యూట్ గోడ. నేను పొద్దున్నే తిరగమోత వేస్తుంటే గోడ అవతలి నుంచి మా ఆయన పాఠం వినిపించేది. పెళ్ళయిన కొత్తలో నాకదో సరదా. ఆ వర్షాకాలం నుంచి పాఠం మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. ఆగినప్పుడల్లా ఆయన ఫోన్‌లో ఏదో షేరు రేటు చూసుకుంటున్నారని నాకు తెలిసిపోయేది.

"డబ్బు సంగతులు నీకూ తెలియాలి ఉదయా. ఎంతసేపూ ఆడిటర్ గారి ఓచర్లేనా?" అంటూ ఒకరోజు నా మెయిల్‌కి కొన్ని బ్లాగుల పేర్లు పంపారు. డబ్బు గురించి రాసేవాళ్ళలో చదివి తీరాల్సినవాళ్ళట. మధ్యాహ్నం బాక్సు తింటూ ఆఫీసు కంప్యూటర్లో ఒక్కొక్కటీ తెరిచేదాన్ని. అందులో మంచివాళ్ళు లేకపోలేదు. బెంగళూరు కుర్రాడొకడు ఇన్సూరెన్సు వేరు, మదుపు వేరు అని ఎంతో ఓపిగ్గా విడమర్చేవాడు. బ్యాంకులో రిటైరైన పెద్దాయనొకరు జీతంలో ముందు పక్కన పెట్టాల్సిందేమిటో చెప్పేవారు. మా ఆయన మాత్రం ఆ రెండూ దాటేసి, రేపు ఏది పెరుగుతుందో చెప్పేవాళ్ళనే చదివేవారు.

ఆ పెద్దాయన పేజీకి ఓ పక్కన, ఆయన మెచ్చిన బ్లాగుల వరసలో అట్టడుగున, ఒక తెలుగు పేరు కనిపించింది. ఇంటి లెక్క. రాసేవారి ఫోటో లేదు, ఊరు లేదు. ప్రతి రాత కిందా "నిదానం" అని సంతకం. "జీతం వచ్చిన రోజున మనం ఒక మనిషిమి, జీతం అయిపోయిన రోజున ఇంకో మనిషిమి. ఆ ఇద్దరినీ ఒకరికొకరిని పరిచయం చెయ్యడమే పొదుపు" అని ఉంది మొదటి పేజీలో. ఆ మాటకి నేను పడిపోయాను. సోమవారం సోమవారం ఒక రాత వచ్చేది. పై వాటాలో కాపురముండే ఒక భార్యాభర్తల కథ చెప్పి, చివర ఒక డబ్బు పాఠం చెప్పేవారు. చదివినవాళ్ళందరూ కింద "బాగా చెప్పారు సార్" అని రాసేవాళ్ళు.

సెప్టెంబరులో ఒక సోమవారం రాత ఇలా మొదలైంది. "పై వాటా ఆయన ఈ వారం టీవీని మంచం వైపు నుంచి కుర్చీ వైపుకి తిప్పాడు. దుమ్ము దులపడానికేమో అనుకుంది ఇల్లాలు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా టీవీ తూర్పు గోడ నుంచి పడమటి గోడకి కొట్టిన చెక్క మీదికి మారింది. దాని ఎదురుగా కుర్చీ. మా ఆయన మేకులు ఏరుకుంటున్నారు.

"ఇదేంటండీ?"

"కిటికీ వెలుగు పడి అంకెలు కనిపించట్లేదు" అన్నారు.

నవ్వుకున్నాను. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో టీవీలు అలా తిరగలేదు గనక!

ఆ తరవాతి వారం నవ్వు రాలేదు. "పై వాటా ఇల్లాలు పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఆయన మారు వడ్డించుకున్నాడు. మనిషి నాలుక మీద రుచి పోయిందంటే, ఆ రుచిని ఇంకేదో తినేస్తోందని అర్థం. ఆ ఇంట్లో అప్పుడే జాగ్రత్తపడాలి." చదివాక నాకు ఎందుకో పట్టుదల వచ్చింది. ఆ పూట కావాలనే పప్పుకి ఉప్పు వెయ్యలేదు. కంచం ముందు కూర్చోబెట్టి ఎదురుగా నేనూ కూర్చున్నాను. మా ఆయనది గోదావరి నాలుక. చిటికెడు తేడా వస్తే పట్టేస్తారు. ఆ రోజు టీవీ మీంచి చూపు తిప్పకుండా తిన్నారు. అయిపోయాక గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ రెండు గరిటెలు వేసుకున్నారు.

"పప్పెలా ఉంది?" అన్నాను.

"బాగుంది" అన్నారు.

నేను నా కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

మా ఆయనే ఆ పేరుతో రాస్తున్నారేమో, నాతో ఆడుకుంటున్నారేమో అనుకున్నాను. అడిగేశాను కూడా. "నాకు తెలుగులో టైపు చెయ్యడమొచ్చా? అయినా ఆ పొదుపు ముచ్చట్లు చదివే తీరికెక్కడిది నాకు?" అన్నారు. ఆయన ముఖంలో అబద్ధం లేదు. అది తెలిసి నాకు ధైర్యం రావాల్సింది పోయి, ఉన్నదీ పోయింది.

మరుసటి సోమవారం ఆఫీసుకి వెళ్తూనే ఆ పేజీ తెరిచాను. "పై వాటా వంటింటి కిటికీ తెరిస్తే పక్క గోడలోంచి పాఠం వినిపిస్తుంది" అని ఉంది. "ఎవరో మాస్టారు పిల్లలకి కంప్యూటరు భాష చెబుతుంటాడు. ఆ గొంతు వింటూ ఇల్లాలు వంట చేసుకుంటుంది." ఆ పేరా పైకీ కిందకీ ఎన్నిసార్లు చదివానో. మా మెట్లు మలుపు దగ్గర ఇరుకైపోయి, గ్యాస్ సిలిండరు తెచ్చేవాడు పక్కకి తిరిగి ఎక్కాల్సిరావడం కూడా రాశారు. అది మా ఇల్లు. సందేహం లేదు. ఇంట్లో కిటికీలన్నీ మూసుకుని తిరగడం మొదలుపెట్టాను. స్నానానికి వెళితే వెంటిలేటరుకి తువ్వాలు కట్టేదాన్ని. ఎదురు మేడ మీద ఎవరైనా నిలబడితే, ఎవరి కోసం నిలబడ్డారా అనిపించేది.

దసరా ముందు వచ్చిన రాత చిన్నది. "ఎవరైనా మీ ఇంటికి పళ్ళు పట్టుకుని వస్తే సంతోషమే. కానీ వచ్చినవాళ్ళు మీకు డబ్బివ్వడానికి వచ్చారేమో ముందు కనుక్కోండి. మన డబ్బు పోతే మనం పేదవాళ్ళమవుతాం. పరుల డబ్బు పోతే మనం మనం కాకుండా పోతాం."

ఆ ఆదివారం తలుపు కొట్టిన చప్పుడైంది. మా ఆయన స్టూడెంట్లు. ముందు నిలబడ్డవాడి పేరు ముషర్రఫ్, నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. వాడి చేతిలో జామపళ్ళ సంచి.

"నమస్తే మేడం. మా తోటవి. తీసుకోండ్రి" అన్నాడు.

నేను ఆ సంచి అందుకోలేకపోయాను. వాడే గుమ్మం పక్కన పెట్టాడు. అందరూ చాప మీద కూర్చున్నారు. కాసేపు పాఠం మాటలు, ఉద్యోగాల మాటలు నడిచాక ముషర్రఫ్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, మా అబ్బా లారీ అమ్మిండు. ఫీజు కట్టంగ జర మిగిలినయి. బ్యాంకుల ఏస్తే ఏమొస్తది సార్? మీరు మస్తు సంపాయిస్తున్నరని అందరంటున్నరు. మా పైసలు సుత మీ దాంట్ల కలుపుండ్రి."

నేను వంటింటి గుమ్మంలోంచి మా ఆయన వంక చూశాను. వద్దంటారనుకున్నాను. కొంచెం బెట్టు చేశారు. "బాధ్యత నాది కాదు సుమా" అన్నారు. ఆ మాట అంటూనే కవర్లు అందుకున్నారు. వాళ్ళు వెళ్ళాక నేను గొడవపడ్డాను. "ఆ పిల్లల వెనక ఇళ్ళున్నాయండీ. అమ్మానాన్నలున్నారు" అన్నాను.

"వాళ్ళకి మంచే చేస్తున్నాను కదా ఉదయా. ఎందుకలా వణికిపోతావు?" అన్నారు.

మర్నాడు ఆఫీసులో ధైర్యం చేసి ఆ రాత కింద నేను రాశాను. "నిదానం గారూ, మీరు రాస్తున్నది మా ఇంటి గురించి. మీరెవరు? మమ్మల్ని ఎక్కణ్ణుంచి చూస్తున్నారు?" కింద నా పేరు పెట్టాను. చలపతిరావు గారికి ఫైలొకటి ఇచ్చి వచ్చేసరికి జవాబు ఉంది.

"అమ్మా, దేవుడి గూట్లో ఇంకా అత్తరు వాసన వస్తోందా?"

అంతే. ఇంకొక్క మాట లేదు. అత్తరు సంగతి ఆ రాతల్లో ఎప్పుడూ రాలేదు. నేనూ రాయలేదు. నేను కంప్యూటరు కట్టేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చానే గాని పైకెక్కబుద్ధి కాలేదు. హాషం గారి భార్య వజీరున్నీసా గారు వెనక వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఆవిణ్ణి నేను ఆంటీ అనేదాన్ని. పక్కన చతికిలబడి, మా కన్నా ముందు పై వాటాలో ఎవరుండేవారని అడిగాను.

ఆవిడ చేట పక్కన పెట్టారు.

"కామరాజు సాబ్ అని ఉండె బేటీ. మీ లెక్కనే ఆంధ్ర దిక్కోల్లు. మందుల కంపెనీల లెక్కలు రాసేటోడు. మొగుడు పెండ్లాలు ఇద్దరు బంగారమసొంటోల్లు. ఎప్పుడైతే గా టీవీ ముంగట కూసుండుడు షురూ జేసిండో, గప్పటికెల్లి ఇంట్ల మాట బందయింది. దోస్తులు, చుట్టాలు, అందరు పైసలు తెచ్చిచ్చిరి. మూడేండ్ల కింద ఎండకాలం షేర్లన్ని ఒక్కపారే పడిపోయినయట. మస్తు మంది వచ్చి గీ వాకిట్లనే నిలవడ్డరు."

"ఆయన... చచ్చిపోయారా ఆంటీ?"

"తౌబా తౌబా! ఉన్నడు." కొంచెం ఆగి, "ఉన్నడనే అనాలె" అన్నారు. "పంజాగుట్టల ఆమె తమ్ముని ఇంట్ల ఉంటున్నరు. నీకొకటి చెప్పాలె బేటీ. మొన్న నీ మొగుడు పడమటి గోడకు మేకులు కొట్టిండు జూడు. గా చప్పుడు ఇనంగనే నా గుండె జల్లుమన్నది. కామరాజు సాబ్ సుత గదే గోడకు కొట్టిండు. ఆయన పోయినంక గా తొర్రలు నేనే సున్నంతోని పూడ్పిచ్చిన. నీ మొగుడు మల్ల గవే తొర్రలల్ల కొట్టిండు."

దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆఫీసులో అనుమతి అడిగి, ఆవిడ చెప్పిన గుర్తుల ప్రకారం ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పంజాగుట్టలో మా ఆఫీసు వెనక కాలనీయే అది. రోజూ బస్సు దిగి నేను నడిచే దారిలోనే. మేడ పక్కనుంచి వెనక్కి వెళితే రెండు గదులు. గుమ్మంలో ఒకావిడ ట్యూషన్ పిల్లల చెప్పులు సర్దుతోంది. యాభై ఏళ్ళుంటాయి. తల సగం నెరిసింది. నన్ను చూసి నిటారుగా నిలబడింది.

"ఉదయలక్ష్మివి కదూ? వస్తావనుకున్నాను. రా అమ్మా."

"మీరు..."

"అరుణాదేవిని. నిదానం గారు కూడా నేనే" అంటూ చిన్నగా నవ్వింది. "మొదట్లో సొంత పేరుతోనే రాశానమ్మా. కింద అందరూ వంకాయ కారం ఎలా పెట్టాలని అడిగేవాళ్ళు. పేరు మార్చాను. ఆ వారం నుంచి సార్ అంటున్నారు."

పలక మీద ఎక్కాలు రాసుకుంటున్న పిల్లల్ని ఇళ్ళకి పంపేసి, వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తాగాక అడిగాను. "మా ఇంట్లో జరగబోయేది మీకు ముందే ఎలా తెలుస్తోందండీ?"

"మీ ఇల్లు నాకేం తెలుసమ్మా? నువ్వు రాసేదాకా ఆ వాటాలో ఎవరున్నారో కూడా నాకు తెలియదు. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాసుకుంటూ వస్తున్నాను. ఒక్క ముక్క కల్పించలేదు. టీవీ తిప్పింది, ఉప్పు లేని పప్పు తిన్నది, అన్నీ ఈయనే."

"మరి తరవాత ఏమవుతుంది?"

నేను అడిగిన తీరుకి ఆవిడ ఉలిక్కిపడింది. "తరవాత" అని ఆగింది. "అది రాయడానికి చెయ్యి రావట్లేదు. చూపిస్తాను, రా."

ముందు గదిలో సోఫా మీద ఒకాయన కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, దువ్విన తల. ఆఫీసులో పెద్ద మీటింగుకి వెళ్ళే మనిషిలా ఉన్నారు. ఎదురుగా టీవీ. అందులో బొమ్మ లేదు. దాని వైరు కూడా గోడకి తగిలించి లేదు. ఆయన కళ్ళు మాత్రం తెర మీద ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ మెల్లగా నడుస్తున్నాయి.

"మార్కెట్ తెరిచే వేళకి స్నానం చేసి వచ్చి కూర్చుంటారు. మూసే వేళకి లేస్తారు" అంది అరుణాదేవి గారు గొంతు తగ్గించి. "శని, ఆదివారాలు కూర్చోరు. పండగలకి సెలవిచ్చినా కూర్చోరు. క్యాలెండరు చూడరు, పేపరు చదవరు. ఎవరూ చెప్పరు. మొన్న దీపావళి సాయంత్రం కొత్త చొక్కా అడిగి వేసుకుని, ఓ గంట కూర్చుని లేచారు. ఆ రోజు పూజ చేసి గంట సేపు తెరుస్తారట కదా."

"వైద్యం?"

"చేయిస్తూనే ఉన్నాను. మందులు వేసుకుంటారు. పెట్టింది తింటారు. మాటొక్కటే లేదు."

నేను గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాను. ఆయన ముక్కుపుటాలు కదిలాయి. మెల్లగా తల తిప్పారు. నా ముఖం వైపు కాదు, నా చీర వైపు, నా చుట్టూ ఉన్న గాలి వైపు చూశారు. తరవాత సోఫాలో పక్కకి జరిగారు. ఒక మనిషి కూర్చునేంత చోటు ఇచ్చి, మళ్ళీ తెర వైపు తిరిగారు.

అరుణాదేవి గారి చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. "ఇన్నాళ్ళలో ఎవరొచ్చినా ఆయన కదల్లేదమ్మా" అంది.

ఆ చోటు నా కోసం కాదని నాకా క్షణానే తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి మా ఆయనతో ఈ సంగతులేవీ చెప్పలేదు. చెబితే నవ్వేస్తారు, లేదా కోప్పడతారు. "చాలా ఏళ్ళుగా మార్కెట్ చూస్తున్న పెద్దాయనొకరున్నారండీ. మా ఆఫీసు వెనకే. ఒకసారి కలవండి" అన్నాను.

"మార్కెట్ వేళల్లో కుదరదు."

"ఆయన ఆ వేళల్లోనే కలుస్తారు."

"అక్కడ టీవీ ఉంటుందా?"

"ఉంటుంది" అన్నాను.

మధ్యాహ్నం క్లాసు లేని రోజు చూసుకుని వచ్చారు. షేర్డ్ ఆటోలో దారి పొడుగునా ఫోన్ చూసుకుంటూనే ఉన్నారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ "నమస్కారమండీ" అన్నారు. అరుణాదేవి గారు చేతులు జోడించబోయి ఆగిపోయింది.

"ఈ గొంతు నాకు తెలుసు" అంది. "నాలుగేళ్ళు నేను ఈ గొంతు వింటూనే వంట చేశాను బాబూ. ఆ కిటికీలోంచి. మా ఆయన మాట్లాడ్డం మానేశాక ఆ ఇంట్లో నాకు వినిపించిన మగగొంతు ఇదొక్కటే."

మా ఆయనకి ఏం అర్థంకాలేదు. మొహమాటంగా నవ్వి లోపలికి నడిచారు. కామరాజు గారు అప్పటికే జరిగి ఉన్నారు. ఈయన ఆ ఖాళీలో కూర్చుని, "నమస్తే సార్" అన్నారు. జవాబు రాకపోయేసరికి టీవీ వైపు చూసి, "కరెంటు లేదా?" అని మమ్మల్ని అడిగారు. మేమిద్దరం వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాం. వెంటనే లేచి వస్తారనుకున్నాను.

లేవలేదు. ముందు కాసేపు ఇబ్బందిగా కదిలారు. ఫోన్ తీశారు, జేబులో పెట్టేశారు. కామరాజు గారు ఎటు చూస్తున్నారో పోల్చుకోవడానికి కాబోలు, ఆయన చూపు వెంట తన చూపు పోనిచ్చారు. తరవాత అక్కడే ఉండిపోయారు. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. ఎవరో తలుపు వేశారు. వాళ్ళిద్దరూ కదల్లేదు. ఉన్నట్టుండి కామరాజు గారు మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చి ముందుకి వంగారు. అదే క్షణంలో మా ఆయనా వంగారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇద్దరూ ఒక్కసారే వదిలారు. ఒకరిని చూసి ఒకరు చెయ్యలేదది. నేను కళ్ళారా చూశాను. నల్లని తెరలో రెండు నీడలు పక్కపక్కన ఉన్నాయి. ఎవరిది ఏదో చెప్పలేకపోయాను.

అరుణాదేవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరికి మా ఆయనే తెరలోకి ఇంకొంచెం పరీక్షగా చూసి, కుడిచెయ్యి పైకెత్తి దించారు. రెండు నీడల్లో ఏది కదులుతుందో చూసుకున్నారనుకుంటాను. లేచి వచ్చి, నా పక్కన నిలబడి, "పోదాం పద ఉదయా" అన్నారు. ఆటో ఎక్కలేదు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చాం. మైత్రీవనం ముందు కరపత్రాలు పంచేవాళ్ళు ఎదురొచ్చి చేతుల్లో కాగితాలు కుక్కుతుంటే, ఆయన అన్నీ తీసుకుని అలాగే పట్టుకుని నడిచారు.

ఆ వారమే పిల్లల డబ్బు మొత్తం తీసేశారు. పెరిగినదాంతో సహా ఎవరిది వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళు సంతోషిస్తారనుకున్నాను. ముషర్రఫ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గిదేంది సార్? గిప్పుడే మస్తు పెరుగుతుంటే వాపస్ ఇస్తున్నరు? మా పైసలు పక్కకు జరిపి మీరొక్కరే సంపాయిద్దామని చూస్తున్నరని అంటున్నరు అందరు. నేనంటలేను సార్."

"అననీ ముషర్రఫ్" అన్నారు ఆయన. "మీ నాన్నగారికి ఇచ్చెయ్. లేకపోతే బ్యాంకులో వేసుకో."

డిసెంబరంతా మార్కెట్ పెరుగుతూనే ఉంది. క్లాసులో పిల్లలు ఆయన ముఖం చూసేవాళ్ళు కారు. బోర్డు మీద ఎవరో పిరికి సార్ అని రాశారట. చెరిపేసి పాఠం చెప్పారట. మా సొంత డబ్బు మాత్రం ఆయన పూర్తిగా తియ్యలేదు. సగం తీసి సగం ఉంచారు. "మనది పోతే మనకే కదా" అన్నారు. ఆ మాత్రానికి నేనూ ఊరుకున్నాను. టీవీని అమ్మేశాం. గోడకి తొర్రలు మిగిలాయి.

జనవరిలో ఒక సోమవారం మార్కెట్ విరిగిపడింది. మంగళవారం తెరిచీ తెరవగానే ఇంకా పడిపోయి, అమ్మకాలు కొనుగోళ్ళు కాసేపు ఆపేశారు. నేను ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉన్నాను. కిటికీ తెరిచి గోడకి చెవి ఆన్చి నిలబడ్డాను. మా ఆయన గొంతు. ఏదో లూపు గురించి చెబుతున్నారు. ఎక్కడా ఆగలేదు. తొంగి చూస్తే సందు చివర టీవీల కొట్టు ముందు జనం గుమిగూడారు. అంతమంది ఉన్నా చప్పుడు లేదు. అమీర్‌పేట అంత నిశ్శబ్దంగా ఉండడం నేను పగటిపూట అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మేం ఉంచిన సగంలో పెద్ద భాగమే పోయింది. కొనుక్కుందామనుకున్న ఫ్లాటు మాట చాలా ఏళ్ళు ఎత్తలేదు. ముషర్రఫ్ వాపసు తీసుకున్న డబ్బుని కోపం కొద్దీ ఇంకొకరి చేతిలో పెట్టాడట. అదీ పోయింది. వాడు వచ్చి మా ఆయన ముందు నిలబడి ఏడ్చినప్పుడు, ఈయన ఒక్క మాట కూడా అనకుండా మిగతా కోర్సు ఫీజు లేకుండా పూర్తి చేయించారు. తరవాత వాడికి మంచి ఉద్యోగమే వచ్చింది.

కానీ ఆ చలికాలం అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి ఇవేవీ కావు. ఆ మంగళవారం నేనింకా కిటికీ దగ్గర ఉండగానే ఫోన్ మోగింది. అరుణాదేవి గారు.

"ఉదయా, ఈయన లేచారమ్మా."

"ఇంకా వేళ కాలేదు కదండీ?"

"అదే. ఏదో ఆపేశారట కదా, తమ్ముడు ఇప్పుడే చెప్పాడు. సరిగ్గా అప్పుడే లేచారు. నేను కూర తరుగుతున్నాను. వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మాట్లాడారు."

"ఏమన్నారు?"

"అందరూ వచ్చేశారా, అని అడిగారు."

సందు చివర టీవీల కొట్టు ముందు కళ్ళు తిప్పకుండా నిలబడ్డ జనం వైపు చూశాను.

"మీరేమన్నారు?"

"ఏమనను? వచ్చేశారండీ అన్నాను. అయితే అన్నం పెట్టమన్నారు. పెట్టాను. తింటున్నారు" అంది.

ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ చివర కంచంలో అన్నం కలుపుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను.